ఫర్హానా సంచిలో పార

నాగేశ్వరమ్మకు ఇనుము మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. జమ్మలమడుగు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట పుట్టి, అలాంటి ఇంటికే కోడలై వచ్చిన మనిషి. బాలింత తలగడ కింద కొడవలి, ఊరు దాటే పిల్ల కొంగున మేకు పెట్టందే ఆమెకు నిద్రపట్టదు. ఇనుము దగ్గరుంటే ఏ గాలీ సోకదంటుంది. కాదన్నవాళ్లతో వాదన పెట్టుకోదు, తాను చేసేది చేసేస్తుంది, అంతే.

కూతురు కుసుమ ఇడుపులపాయలో చదివి, హిమాచల్ కొండల మీద మంచు కొలిచే యంత్రాలు చూసుకునే ఉద్యోగం తెచ్చుకుంది. అక్కడ ఒక్కోసారి కొండమీది మంచంతా జారిపడి మనుషుల్ని కప్పేస్తుందట. అందుకని ప్రతివాళ్ల సంచిలో ఒక పార ఉండాలట. ఆ మాట నాగేశ్వరమ్మ చెవిన పడింది. మరునాడే కూతుర్ని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది.

అబ్దుల్ వాహిద్ ఇనుప సామాన్ల అంగడిలో ఉన్నవాటిలోకెల్లా బరువైన పార తీసి, వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది.

"ఇది తీసుకుందాం."

"దీన్ని మోసుకోని కొండెక్కితే పాప సగం దోవలోనే కూలబడతాది గదక్కా," అన్నాడు వాహిద్. తన సరుకు తానే వద్దనే వ్యాపారిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అనుమానంగా చూసింది.

"జారిన మంచు సిమెంటు మాదిరి గట్టిపడతాది మా," అంది కుసుమ. "ప్లాస్టిక్ పారైతే ఇరుగుతాది. ఇనపదైతే బరువు. అల్యూమినియంది కావాల, పిడి ఊడదీసి సంచిలో పెట్టుకునేది. అది ఈడ దొరకదు, ఫోన్లో తెప్పించుకుంటా."

ఇనుమే లేని పారేం పారని నాగేశ్వరమ్మ మూతి ముడుచుకుంది. బస్టాండులో కూర్చున్నాక అసలు సందేహం బయటపెట్టింది.

"సరే, నువ్వే మంచు కిందబడినావనుకో. దాంతో ఎట్ల తవ్వుకోని బయటికొస్తావు?"

"నేను తవ్వుకోలేను మా. ఏలు గూడా కదల్దు. నా పార నా పక్కనుండేవాళ్ల కోసం. పావుగంట లోపల నన్ను తీయాల్సింది ఫర్హానా."

ఫర్హానా ప్రొద్దుటూరు ఖమర్‌బీ కూతురు. కుసుమతోనే చదివి, ఆ ఉద్యోగంలోనే చేరింది.

"ఆ పిల్ల పార ఎట్టాంటిది?"

కుసుమ నసిగింది. "ప్లాస్టిక్‌దే. తేలిగ్గా ఉందని కొనింది."

కూతురి వెంట ఇనుము పంపితే చాలనుకుంది నాగేశ్వరమ్మ ఇన్నాళ్లూ. తన బిడ్డ ప్రాణం ఇంకో పిల్ల సంచిలో ఉందని ఇప్పుడు తెలిసింది. భయమేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో ఆమెకే అర్థం కాలేదు.

"రెండు తెప్పించు," అంది చివరికి.

పార్సిల్ వచ్చిన రోజు ఫర్హానాను ఇంటికి పిలిపించింది. సంగటి, ఊరిబిండి కడుపునిండా పెట్టింది. తర్వాత దొడ్లోకి తీసుకుపోయి, వానకు తడిసి ఎండకు బిగుసుకుపోయిన గొర్రె ఎరువు దిబ్బ చూపించింది.

"తవ్వమ్మా, చూస్తా."

ఫర్హానా చేలో పార పట్టినట్టు తనవైపు లాగబోయింది. అట్ల కాదు, ముందుకు గుచ్చి పక్కకి ఎత్తిపొయ్యాలని కుసుమ చూపించింది. కాసేపటికే ఆ పిల్ల ఆగి, కందిపోయిన అరచేతులు చూసుకుంది.

"చాలు గదా పెద్దమ్మా, తవ్వేది వచ్చేసింది."

నాగేశ్వరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది. ఆ పిల్ల చెమట కొంగుతో తుడిచింది.

"ఇంగా బిన్నా, బిరబిరా తవ్వు తల్లీ," అంది. "కింద నా కూతురుండాది."