రూతమ్మ వేలిముద్ర

పన్నెండేళ్ళుగా ఒక మాట నా గుండె మీద కూర్చుని ఉంది. పాస్టరుగారికి చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నా చేతిరాత బాగుంటుందని ఊరివాళ్ళు అర్జీలు, పంచాయతీ కార్యదర్శి గ్రామసభ తీర్మానాలు నాచేత రాయించేవారు. ఊరి చివర కాలనీలో ఉండే రూతమ్మ రేషన్ కార్డు అర్జీ కోసం వచ్చింది. చిన్నప్పుడు సిలోన్, అదే శ్రీలంక, తేయాకు తోటల నుంచి అరవ కూలీలైన తల్లిదండ్రులతో ఓడెక్కి తిరిగొచ్చిన మనిషి. చదువు రాదు. బైబిల్లో దాచుకున్న పౌరసత్వం కాగితం తీసి ఇచ్చింది. "నువ్వు ఈ దేశం మనిషివేనని రాసుండాదమ్మా" అన్నాను. "ఇంకోసారి చదువన్నా" అంది. చదివాను. కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

తర్వాత రొయ్యల గుంటలు వచ్చాయి. నా మూడెకరాలూ వాటికే ఇచ్చాను. గ్రామసభలో రూతమ్మ లేచి, "గుంటల నీళ్ళకి కాలనీ బావి ఉప్పగయిపోయింది. ఇంక గుంటలు తవ్వొద్దు. బిడ్డలు ఏం తాగాల?" అంది. చాలామంది తలలూపారు. నేను లేచాను. ఆమె అరవ యాసను వెక్కిరిస్తూ, "ముందు నువ్వు ఏ దేశందానివో చెప్పు మే. మా ఊరి నీళ్ళ సంగతి తర్వాత మాట్లాడుదువు" అన్నాను.

జనం నవ్వారు. ఆమె నా వంకే చూసింది.

"ఆ కాగితం చదివి చెప్పినోడివి నువ్వే గదన్నా?"

"ఏ కాగితం? నాకేం తెలవదు."

కూర్చుంది. ఇంటికెళ్ళి కాగితం తేవచ్చు కదా, ఎందుకు తేలేదు? తెచ్చినా చదవాల్సింది మళ్ళీ నేనే కదా అనుకుందేమో. కోపంలో నోరు జారిందని చాలాకాలం నన్ను నేనే నమ్మించుకున్నాను. జారలేదు. ఆ మాటంటే ఆమె కూర్చుంటుందని తెలిసే అన్నాను. నలుగురి ముందు ఒక మనిషి నోరు నొక్కడానికి అంత చిన్న మాట చాలునని నాకెవరు నేర్పారు?

ఆ తర్వాత ఆమె ఒక్క గ్రామసభా మానలేదు. వచ్చేది, ఒక మూల కూర్చునేది, వేలిముద్ర వేసి వెళ్ళేది. నోరు మాత్రం విప్పలేదు. ఆదివారం చర్చి దగ్గర "వందనాలన్నా" అనేది. నేనూ "వందనాలమ్మా" అనేవాణ్ణి. అంతే, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళేవాళ్ళం. పోయిన ఏడాది ఆమె చనిపోయింది. ఇప్పుడు మా ఇంటి బావి కూడా ఉప్పే.

కొత్త గుంటలకు గ్రామసభ ఒప్పుకున్న ప్రతిసారీ తీర్మానాల పుస్తకంలో నేను రాసింది ఒకటే: "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు." దాని కింద ఆమె వేలిముద్ర ఉంటుంది.

అది అబద్ధం. రూతమ్మ అభ్యంతరం చెప్పింది. నోరు మూయించింది నేను. ఇన్నాళ్ళకు ఇక్కడ సరిగ్గా రాశాను.