సముద్రం మీది పక్షులు

మా చిన్నమ్మ సముద్రం చూడలేదు. ఆమె ఎరిగిన పెద్ద నీళ్లంటే ఆదోని పక్క కాలువే. అయినా మంగళూరు పడవల్లో పనిచేసి వచ్చినవాడు ఎవడు కనబడినా ఆపి ఒకే మాట అడిగేది. "ఏమప్పా, సముద్రం మీదికి పక్షులు ఇంకా వస్తాండాయా?"

వానల్లేని ఏడాది చిన్నాయన చేపల పడవ మీద కూలికి పోయాడు. చలికాలంలో, ఒడ్డు కనబడనంత దూరాన, వల లాగుతూ నీళ్లలో పడిపోయాడు. శవం దొరకలేదు. ఆయనతో పోయిన పక్కింటాయన తిరిగొచ్చి ఆ చోటు గురించి చిన్నమ్మకు చెప్పాడు.

"చలికాలం పక్షులన్నీ మేతకు ఆడికే వస్తాయక్కా. అవి యాడ వాలితే ఆడ చేపలుండాయని పడవ తిప్పుతాం."

చిన్నమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మా వైపు పక్షులు వాలాయంటే అక్కడ నీళ్లున్నట్టే, నీళ్లుంటే మనిషి బతికినట్టే.

"అన్ని పక్షులు బతికే చోట ఒక్క మనిషి బతకలేడా?" అంటూ బొట్టు తీయనివ్వలేదు, కర్మ చేయనివ్వలేదు.

పోయిన చలికాలం పక్కింటాయన్ని మళ్లీ అడిగింది. "అవి చేపలే తింటాయా?"

ఆయన తల వంచుకున్నాడు. "నీళ్ల మీదికి ఏది తేలితే అది తింటాయక్కా."

ఆ వారమే కర్మ పెట్టమంది. ఆమె మరిది పిండం గోడ మీద పెట్టి కాకులను శానాసేపు పిలిచాడు. కాకి ముడితేనే పోయినవాళ్లకు చేరినట్టని అందరం ఎండలో ఎదురుచూశాం. ఒక్కటీ రాలేదు.

చిన్నమ్మ చెంగు దులుపుకుని లేచింది.

"ఇంగ పిలవద్దులేప్పా. మీ అన్నను ఆడి పక్షులు ఎప్పుడో ముట్టినాయి."