కూతుర్ని అమ్మా అని పిలిస్తే

అమ్మ చనిపోయి నెల తిరక్కుండానే డ్యూటీకి వెళ్లాను. మలేసియాలో, సుంగై పెటాని ఊళ్లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పని నాది. దహనం రోజున అన్నయ్య మా మలేసియా యాసలో "ఏడిసెయ్ లా చెల్లీ" అని బతిమాలినా నాకు కన్నీళ్లు రాలేదు.

ఆ వారం మాకు పని నేర్పడానికి ప్యూర్టోరికో నుంచి మరియా అనే ఆవిడ వచ్చింది. క్యాంటీన్‌లో ఫోన్ పట్టుకుని "మామి, మామి" అంటూ ముద్దు చేస్తోంది. స్పానిష్‌లో మామి అంటే అమ్మ అని మాకు తెలుసు. "మీ అమ్మగారా?" అని అడిగాం.

"కాదు, నా ఐదేళ్ల కూతురు. మా దగ్గర ఆడపిల్లల్నీ అలాగే పిలుస్తాం. అదే ముక్కూమొహం తెలియని ఆడదాన్ని మగాడు అలా పిలిస్తే, సరసమాడుతున్నాడని చెంప పగులుతుంది" అంది.

కూతురు అమ్మ ఎలా అవుతుందని మలయ్, చైనీస్ అమ్మాయిలు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. మా సొంతూరు సుంగై సుమున్ నుంచి మా అమ్మ రోజూ ఫోన్ చేసి, "ఏటమ్మా, తిన్నావా?" అనే అడిగేది.

ఆ సంగతి మరియాకు చెప్పాను. ఆవిడ మర్నాడు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "తిన్నావా, మామి?" అంది.

ఏడుపు అప్పుడూ రాలేదు. ముట్టని అన్నం ముందు కూర్చుని, తిన్నానని తలూపాను. అమ్మతోనూ ఫోన్లో ఇలాగే అబద్ధమాడేదాన్ని.