గోరింట కంచెకు మిషను పెట్టిన ఏడు

మొన్న గడ్డి కోసే మిషను బ్యాటరీని ఛార్జరులో పెడితే, పచ్చదీపం వెలగాల్సిన చోట ఎర్రదీపం అదేపనిగా ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. ఒక పూట ఊరుకున్నాను, రెండో పూట కొసలు పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి చూశాను, లాభం లేకపోయింది. మర్నాడు దాన్ని చేతిసంచిలో వేసుకుని తెనాలి బజారుకు వెళితే, షాపులో ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మోడల్ ఇప్పుడు రావటంలేదండి బాబాయిగారూ, సెట్టు మొత్తం కొత్తది తీసుకోవాల్సిందే" అన్నాడు. అలాగే చూద్దాంలెండి అని బయటకొచ్చి, ఎండలో నడుస్తూ, ఈ ఒక్క వస్తువు నా చేతిలో ఎన్నేళ్ళు ఆడిందా అని లెక్క వేసుకున్నాను. ఎనిమిదేళ్ళ పైమాటే. ఆ ఎనిమిదేళ్ళలో నా చుట్టూ ఎవరెవరు ఉన్నారో, ఎవరెవరు లేకుండా పోయారో కూడా దానితోపాటే గుర్తుకొచ్చింది.

బ్యాటరీలతో నా సావాసం ఈనాటిది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గదికి వేశారు. గాజు తొట్లలో వరుసగా నిలబెట్టిన సెల్సు, యాసిడ్ వాసన, తలుపు తీయగానే కళ్ళ మంట. రోజూ పొద్దున్నే ఒక్కొక్క తొట్టిలో గాజుగొట్టం ముంచి యాసిడ్ చిక్కదనం చూడడం, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోయడం నా పని. ఏ చొక్కా చూసినా యాసిడ్ పడి జల్లెడలా ఉండేది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఆ చిల్లులకు మాట్లు వేసీ వేసీ విసిగిపోయి, మీ ఆఫీసు వాళ్ళు మీకు జీతమిస్తున్నారు గానీ నాకివ్వడం లేదండీ అనేది. బ్యాటరీని పూర్తిగా అడుగంటనీయకూడదు, వేడి మీద ఛార్జి పెట్టకూడదు, కొసలు ఎప్పుడూ పొడిగా ఉండాలి అన్న మూడు మాటలూ ఆ గదిలో ఒంటబట్టినవే. ఈ చిన్న మిషన్లు ఇన్నాళ్ళు మన్నాయంటే ఆ అలవాటు చలవే.

రిటైరు కాకముందే, కొల్లిపర వెళ్ళే దారిలో తెనాలి ఊరి చివర నేనూ మా తోడల్లుడూ పక్కపక్కనే రెండు స్థలాలు తీసుకుని ఇళ్ళు కట్టుకున్నాం. ఆయన భార్య మా ఆవిడకు స్వయానా అక్క. పెళ్ళిళ్ళయ్యాక ముప్ఫయ్యేళ్ళు తలా ఒక ఊళ్ళో గడిపిన అక్కచెల్లెళ్ళు, మిగిలిన రోజులైనా ఒకచోట ఉండాలని పట్టుబట్టి చేయించిన పని అది. రెండు ఇళ్ళ నడుమ గోడ వద్దన్నదీ వాళ్ళే. దాని బదులు వీధి అంచు నుంచి పెరటి దాకా గోరింట కొమ్మలు నాటారు. అది రెండేళ్ళలో నడుమెత్తు కంచె అయింది. ఆషాఢంలో ఇద్దరూ చెరోవైపు నిలబడి ఆకు దూసేవారు. మిగిలిన పదకొండు నెలలూ అక్కడే నిలబడి కూరగాయలు తరిగేవారు, తగువులాడుకునేవారు, మా ఇద్దరి మీదా నేరాలు చెప్పుకునేవారు. మాకు పిల్లలు లేరు. మా తోడల్లుణ్ణి నేను అన్నయ్యగారనే పిలిచేవాణ్ణి. ఆయన కూతురే మా ఇంట్లోనూ కూతురిలా తిరిగింది. బాపట్లలో కాపురం పెట్టాక కూడా వస్తే ఒక పూట అక్కడా ఒక పూట ఇక్కడా తినేది.

అన్నయ్యగారు రైల్వేలో కీమ్యాన్‌గా చేశారు. భుజాన సుత్తి వేసుకుని రోజూ మైళ్ళకొద్దీ పట్టాల వెంట నడిచి, ఊడిన మేకులు బిగించే ఉద్యోగం. చేత్తో చేయనిది పని కాదని ఆయన నమ్మకం. డెబ్బయ్యేళ్ళ వయసులోనూ గొంతుక్కూర్చుని కొడవలితో గరిక కోసేవారు, కంచెను పెద్ద కత్తెరతో కత్తిరించేవారు. నాకు మోకాళ్ళు సహకరించలేదు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. దొడ్డంతా తుంగ పెరిగిపోయి, ఒకసారి బావి పక్కన పాము కనబడేసరికి మా ఆవిడ హడలిపోయింది. పెట్రోలు మిషను తెద్దామంటే ఆ మోత, ఆ పొగ ఆమెకు పడవు. అలా విజయవాడ వెళ్ళి, బ్యాటరీతో నడిచే గడ్డి మిషను తెచ్చుకున్నాను.

మొదటిరోజు నేను దాన్ని మెడకు తగిలించుకుని దొడ్లోకి దిగితే, అన్నయ్యగారు కంచె అవతల కొడవలి ఆపి చాలాసేపు చూశారు.

"ఏంటి తమ్ముడూ, గడ్డిక్కూడా కరెంటు పెడుతున్నావా?"

"మీరూ ఒకసారి పట్టి చూడండి అన్నయ్యగారూ. నడుం వంచక్కర్లేదు."

"నడుం వంచకపోతే నేలమీద ఏముందో ఎలా తెలుస్తుందయ్యా" అని మళ్ళీ కొడవలి అందుకున్నారు.

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఆ మిషనుతో ఒక బంతిమొక్కనీ, రెండు వంగమొక్కల్నీ కూడా కోసేశాను. తిరిగే నైలాన్ దారం వానాకాలపు తడిగడ్డిలో చుట్టుకుపోయేది, రాయి తగిలితే తెగిపోయేది. వేసవి మధ్యాహ్నాల్లో బ్యాటరీ వేడెక్కి తనంతట తానే ఆగిపోతే నీడన పెట్టి, చల్లారేదాకా అరుగు మీద కూర్చునేవాణ్ణి. కొత్తలో ముప్పావుగంట వచ్చేది. అది అయిపోగానే హఠాత్తుగా అంతా నిశ్శబ్దమై, కంచె దగ్గర అక్కచెల్లెళ్ళ మాటలు మధ్యలోంచి వినిపించేవి. ఆ మిషను రుచి మరిగి, ఆ తర్వాత బాదం ఆకులు ఊదే మిషనూ, కొమ్మలు కోసే చిన్నరంపమూ, చివరికి కంచె కత్తిరించే పొడుగాటి పళ్ళ మిషనూ కొన్నాను. అన్నిటికీ అదే బ్యాటరీ. మా వదినగారు నవ్వి, మరిదిగారు రిటైరయ్యాక మళ్ళీ బ్యాటరీ గదిలో చేరారే అనేవారు.

ఆ మాట అన్న ఏడే ఆవిడ మంచాన పడ్డారు. కార్తీకం వెళ్ళకుండానే పోయారు.

అన్నయ్యగారు ఏడవగా నేను చూడలేదు. పెరట్లో పని మాత్రం మానేశారు. కొడవలి చూరులోనే ఉండిపోయింది. కంచె పట్టించుకునేవాళ్ళు లేక మనిషెత్తు పెరిగి, కొమ్మలు ఇష్టం వచ్చినట్టు వాలిపోయాయి. మా ఆవిడ అటువైపు చూసినప్పుడల్లా కళ్ళొత్తుకునేది. ఆయనకు ఓపిక లేక వదిలేశారని నేననుకున్నాను. ఎండలు ముదిరే రోజుల్లో ఆయన వారంపాటు కూతురి దగ్గరికి బాపట్ల వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి బాగుచేసి పెడదామని, ఆ పొడుగాటి మిషను తీసి, మా వైపూ వారి వైపూ, పైనా పక్కలా, పురికొస కట్టి మరీ గీత గీసినట్టు కత్తిరించాను. రెండు రోజులు పట్టింది. కోసిన కొమ్మలన్నీ పోగేసి బయట పారబోయించాను. నా జన్మలో అంత నీటుగా చేసిన పని లేదనుకుని మురిసిపోయాను కూడా.

ఆదివారం పొద్దున ఆటో దిగి ఆయన గేటు తీశారు. నేను అరుగు మీదే ఉన్నాను, ఏమంటారో విందామని. ఆయన సంచి కింద పెట్టి కంచె దగ్గరకు వచ్చి, నున్నగా కోసిన పైభాగం మీద అరచెయ్యి వేసి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచారు. నా వైపు చూడలేదు. సంచి తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మూడోనాడు మనుషుల్ని పెట్టి, కంచె పొడుగునా వారి వైపు తాటాకు తడికె కట్టించారు.

"మీరు అడక్కుండా ఎందుకు ముట్టుకున్నారండీ?" అంది మా ఆవిడ. మంచిచేస్తే తప్పా అన్నాను. "అదే నాకూ తెలీదు. కానీ బావగారు ఊరికే అలా చెయ్యరు" అంది. ఆమె వెళ్ళి అడిగితే, ఏమీ లేదమ్మా అన్నారట. నేను వెళ్ళలేదు. రెండు రోజులు కష్టపడి చేసినదానికి తడికె కట్టారన్న పౌరుషం నాకూ ఉండిపోయింది. ఆ విధంగా, ఒకరి దగ్గు ఒకరికి వినపడేంత దూరంలో ఉండి, ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. నడుమ నలిగిపోయింది మా ఆవిడే. కూర చేస్తే గిన్నె పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వెళ్ళి ఇచ్చి వచ్చేది.

ఆ ఏడాదిన్నర చివర, ఒక జ్వరం నెపంగా ఆమె కూడా వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నయ్యగారు అందరికన్నా ముందు వచ్చారు. పాడె ముందుకొమ్ము పట్టారు. పెద్దదినం దాకా మా అరుగు మీదే కూర్చున్నారు. నాతో అన్నవి రెండే మాటలు: "అన్నం తిన్నావా", "పడుకో". అప్పుడైనా అడిగి ఉండాల్సింది. తర్వాత ఆరునెలలకు చూపు బాగా మందగించి, కూతురు వచ్చి ఆయన్ను బాపట్ల తీసుకుపోయింది. ఇంటి తాళం నా చేతిలో పెట్టి, "దొడ్డి కాస్త చూడు బాబాయ్" అంది.

అప్పటినుంచి రెండు దొడ్లూ నావే అయ్యాయి. పాతబడ్డ బ్యాటరీ అప్పటికి అరగంటే వస్తోంది; సగం మా ఇంటికి, సగం వారింటికి. తడికె ఎండకు పెళుసై వానకు కూలిపోయింది. కంచె మాత్రం అంతకుముందులాగే నెలకోసారి గీత తప్పకుండా కత్తిరించేవాణ్ణి. మిషను ఆగాక వచ్చే నిశ్శబ్దంలో ఇప్పుడు ఎవరి మాటలూ లేవు. కొన్నిసార్లు పనేమీ లేకపోయినా మిషను నడిపానని చెప్పుకోవడానికి సిగ్గేమీ పడను. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండేది.

ఒకనాడు ఆ అమ్మాయి ఫోను చేసి, "నాన్న నిన్ను అడుగుతున్నాడు బాబాయ్, ఒకసారి రావూ" అంది. మర్నాడే పొద్దున రైలెక్కాను. చుండూరు దాటిందాకా, వెళ్ళి ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. వాళ్ళది రెండో అంతస్తు. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో, ఎదురుగా ఏమీ కనబడకపోయినా బయటికే చూస్తూ కూర్చుని ఉన్నారు. నా చెయ్యి తడిమి పట్టుకుని, మిషను ఇంకా ఆడుతోందా అని అడిగారు. ఆడుతోందన్నాను. దొడ్డి సంగతి, కొబ్బరిచెట్ల సంగతి అడిగారు. కంచె సంగతి అడగలేదు. నేనే ఎత్తాను.

"అన్నయ్యగారూ, ఆ రోజు నేను చేసిన తప్పేంటో ఇప్పటికైనా చెప్పండి."

"మీ వదిన పోయేముందు అడిగింది తమ్ముడూ, ఇన్నేళ్ళుగా ఆకు దూశాం గానీ గోరింటపువ్వు వాసన ఎలా ఉంటుందో ఎరగం, కొయ్యడం మానెయ్యండి, ఒక్కసారి పూయనిద్దాం అని. ఏటా మనం కోసేస్తూనే ఉంటే అదెప్పుడు పూస్తుంది? ఆవిడ ఉండగా పూయలేదు. ఆ ఏడు మొగ్గ తొడిగింది. చూసుకుని బాపట్ల వచ్చాను."

"చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నాను.

"ఏమని చెప్పను? ముసలాడు పువ్వుల కోసం ఏడుస్తున్నాడంటావని." ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "నువ్వు మంచికే చేశావని తెలుసు. అందుకే తిట్టలేకపోయాను. తిట్టి ఉంటే ఆ పూటే అయిపోయేది."

తెనాలి తిరిగి వచ్చి ఆ పొడుగాటి మిషను అటక ఎక్కించాను. ఏడాది ముగిసేసరికి కంచె నా తలను దాటింది. ఎండాకాలం చివర ఒక ఉదయం, తలుపు తీసేసరికి దొడ్డంతా ఘాటైన వాసన. చూస్తే ప్రతి కొమ్మ చివరా మిరియపుగింజంత పూలు, లేతపసుపు గుత్తులుగా. నాలుగు కొమ్మలు తుంచి, తడిగుడ్డలో చుట్టి, పది గంటల రైలుకు బాపట్ల వెళ్ళాను. దారిలో సగం రాలిపోయాయి. మిగిలినవి ఆయన చేతిలో పెడితే ముఖానికి ఆనించుకుని ఎంతోసేపు అలాగే ఉన్నారు. తర్వాత, "ఇదా" అన్నారు. "ఘాటెక్కువే. మీ వదినకు తలనొప్పి వచ్చేది." అప్పుడు నవ్వాం ఇద్దరం, లోపల్నుంచి ఆ అమ్మాయి ఏంటేంటని పరుగెత్తుకొచ్చేటంత గట్టిగా.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. ఇల్లు అమ్మక తప్పలేదు ఆ అమ్మాయికి. నన్ను అడిగే అమ్మింది. కొన్నవాళ్ళు మర్యాదస్తులే. దొడ్డంతా సిమెంటు రాళ్ళు పరిచి, ముందుగా నాకు చెప్పే కంచె తీయించి, ఆరడుగుల గోడ కట్టుకున్నారు. రాళ్ళ మీద గడ్డి మొలవదు కనుక, ఆ కాస్త బ్యాటరీ నా ఒక్క దొడ్డికి సరిపోయేది. ఇప్పుడు అదీ లేదు.

మన రోజుల్లో పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగితే సాయంత్రానికల్లా వాళ్ళ ఊరేదో కనుక్కుని, అటునుంచి ఇటునుంచి ఏదో ఒక చుట్టరికం తీసి, అత్తయ్యగారనో బావగారనో పిలిచేసేవాళ్ళం. వరస కుదరకపోతే కల్పించుకునేవాళ్ళం. ఇక్కడ వీళ్ళు వచ్చి రెండేళ్ళు కావస్తోంది. నిన్న పొద్దున గోడ అవతల ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు వినబడి, పలకరిద్దామని గోడ దగ్గరిదాకా వెళ్ళాను. ఊడవడం అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియక తిరిగి వచ్చేశాను.