మా అత్తమ్మ కెమెరాతో మాట్లాడిన రోజు

మా ఆయన మిలిటరీలో ఉన్నాడు. యుద్ధంలో సరిహద్దు దగ్గర ఒక పట్నాన్ని శత్రువులు చుట్టుముడితే, దాన్ని కాపాడిన దళంలో ఆయనా ఒకడు. ఆయన యుద్ధానికి వెళ్ళాక మాకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల ముఖం ఆయన ఇంకా చూడనే లేదు. ఫోటో దించి పంపుదామంటే మా అత్తమ్మ వింటేనా?

"కొండగట్టుల పుట్టెంటికలు తియ్యకముందు ఫోటో దించద్దు. దిష్టి తాకుతది" అనేది.

అట్లాంటప్పుడు సుల్తానాబాద్‌లో మా ఇంటి ముందు ఒక జీపు ఆగింది. ఆ సిపాయిల మీద సినిమా తీస్తున్నారట. ఆ సరిహద్దు పట్నంలో తీయవలసింది అయిపోయింది, ఇక వాళ్ళ ఇళ్ళు చూపించాలట. తయారయ్యాక ముందు ఆ సిపాయిలకే వేసి చూపిస్తామని సినిమా తీసే సారు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఒక్కసారి అందులో పడితే చాలు!

సారుకేమో పిల్ల అక్కర్లేదు. నేను గడప దగ్గర కూర్చుని మా ఆయన ఉత్తరం చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. వాడకట్టంతా వచ్చి చూస్తుంటే ఏడుపెక్కడిది? నవ్వు ఆగలేదు.

"మీ ఆయన్ని తలుచుకోమ్మా" అన్నాడు సారు.

తలుచుకున్నాను. పెళ్ళిలో తలంబ్రాలు నా మీద పోయబోయి పంతులు మీద పోసిన మనిషి! ఇంకా నవ్వొచ్చింది.

"రీలు అయిపోతోందమ్మా!" అని సారు తల పట్టుకున్నాడు.

అప్పటిదాకా పిల్లను కొంగు కింద దాచుకుని కూర్చున్న అత్తమ్మ లేచింది.

"ఓ సారూ, గీ డబ్బాల పడ్డది నా కొడుకు సూస్తడా? నిజంగ?"

"చూస్తాడమ్మా."

అంతే. నన్ను పక్కకు నెట్టి కెమెరాకు మూరెడు దూరంలో నిలబడింది.

"ఏమ్రా, యాళ్లకింత తింటున్నవా? గా సలికి గొంగడి కప్పుకుంటున్నవా?"

"అమ్మా, ఇందులో మాట పడదు, బొమ్మే పడుతుంది" అన్నాడు సారు.

"నీతోని కాదు బిడ్డా, నా కొడుకుతోని మాట్లాడుతున్న. జర ఊకో."

వాడకట్టంతా గొల్లుమంది. అత్తమ్మ పట్టించుకోలేదు. పిల్ల నెత్తి మీది కుళ్ళాయి లాగేసి రెండు చేతులతో పైకెత్తింది.

"ఇగో, సూస్కో నీ బిడ్డను. ముక్కు నీదే."

పిల్ల కెవ్వుమంది.

"గొంతు మాత్రం నీ పెండ్లాంది!"

ఎక్కడ దిష్టి గుర్తొచ్చి పిల్లను మళ్ళీ దాచేస్తుందోనని నేను ఊపిరి బిగబట్టాను. గుర్తు రానే వచ్చింది. పిల్లను నా చేతిలో పెట్టి, కెమెరా చుట్టూ చేతులు తిప్పి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది.

"నా పోరనిదే కాదు, ఆడున్న పోరగాండ్లందరి దిష్టి పోవాలె!"

కెమెరా తిరుగుతూనే ఉంది. సారు ఆపమనలేదు.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. పిల్లను చూశాడట. అందరూ పట్టుబడితే ఆ బొమ్మను రెండోసారి కూడా వేశారట. "అవ్వ ఏమన్నదో ఒక్కనికి సమజైతలే. పదిమంది పది తీర్లు చెప్తున్నరు. జల్ది రాయి" అని రాశాడు.

నేను కలం పట్టుకున్నాను. అత్తమ్మ పక్కన కూర్చుని ఆనాడు అన్నవీ అననివీ కలిపి చెబుతూనే ఉంది. కాయితం నిండిపోతే అంచుల్లో రాశాను. నా మాట రాసుకోవడానికి వేలెడు చోటు కూడా మిగల్లేదు.