మాస్టారు వదిలిన కుడి చక్రం

మాస్టారు పోయారని అమ్మగారు ఫోన్ చేసినప్పుడు నేను రాజాంలో కాలేజీ మెట్ల మీద ఉన్నాను. “నిద్రలోనే ఎల్లిపోయారే అమ్మాయి,” అన్నారు. తరవాత, “కారు అలా జాకీ మీదే ఉంది,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది ఆ రెండో మాటకే.

ఆయన విజయనగరంలో మా ఎదురింటి వయొలిన్ మాస్టారు, అమ్మగారు ఆయన భార్య. నాకు కమాను పట్టుకోవడం నేర్పింది ఆయనే, పానా పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. వాళ్ళ నాన్నగారు కొన్న తెల్ల అంబాసిడర్‌లోనే ప్రతి కచేరీకీ వెళ్లేవారు. వెనక సీటులో వయొలిన్ పెట్టె, ముందు సీటులో అమ్మగారు. ఆయన ఎడమ చూపుడువేలి కొసన తీగ నొక్కి నొక్కి పడిన గీత ఒకటి ఉండేది. ఎంత గ్రీజు అంటినా ఆ గీత కనిపిస్తూనే ఉండేది.

ఈమధ్య ఆ కారు బ్రేకు నొక్కితే పక్కకి లాగేది. మాస్టారూ నేనూ జాకీ పెట్టి వెనక ఎడమ చక్రం విప్పి, దాని వెనకున్న ఇనప డ్రమ్ము లాగి చూశాం. లోపలి నుంచి డ్రమ్ముని ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు షూలు, ఇరుసు నుంచి కారిన నూనెతో తడిసిపోయాయి. నేను గరుకు కాగితం తీసి రుద్దబోయాను.

“నీ తలనూనె తగిలి కమాను మూగపోనాది, మరిసిపోనావేటే? ఇదీ అంతే. నూనె తాగేసింది. కొత్తవి ఎయ్యాల,” అన్నారు మాస్టారు.

డ్రమ్ముని తాడుకి వేలాడదీసి పానాతో మెల్లగా తట్టారు. మోత సాగితే బాగున్నట్టు, టప్పున ఆగిపోతే ఎక్కడో బీట ఉన్నట్టు. అది పూర్తిగా పోయేదాకా కదలకుండా విన్నారు. అలా మిగిలే మోతని అనురణనం అంటారని నేను ఈ ఏడే చదివాను. చెబితే, రెండుసార్లు పలికించుకున్నారు. ఆ రోజంతా చెంబు నుంచి గేటు గొళ్ళెం దాకా కనబడినదాన్నల్లా తట్టి, “ఒసే, దీనికీ అనురణనం ఉన్నాదే!” అన్నారు. అమ్మగారు వంటింట్లోంచి, “నా గిన్నెల జోలికి రాకండి,” అని కేకేశారు.

ఆయన రెండు చక్రాలూ ఒకేసారి విప్పనిచ్చేవారు కాదు. “ఒకటి ఇప్పినప్పుడు రెండోది దారి సూపిస్తాది,” అనేవారు. కుడి వైపు నూనె కారలేదు కదా, అటువైపు ఎందుకు మార్చడం అని అడిగాను. “ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి అయితే బండి తిన్నగా నడవదే. జతగానే మార్చాల,” అన్నారు. నూనె కారకుండా సీలు మార్చి, ఎడమ చక్రం పని పూర్తి చేశారు. కుడిది రేపు నేను కాలేజీ నుంచి వచ్చాక చూద్దామన్నారు.

ఆ రేపు ఆయనకి రాలేదు.

అస్థికలు భోగాపురం దగ్గర సముద్రంలో కలపాలనుకున్నారు. మాస్టారి తమ్ముడు టాక్సీ మాట్లాడతానన్నారు.

“ఆయన ఏరే కారెక్కి ఎప్పుడన్నా ఎల్లారేటి?” అన్నారు అమ్మగారు.

“వదినా, సగం బ్రేకులేసిన బండి నేను నడపలేను.”

ఆయన అన్నదీ నిజమే. అమ్మగారు కొంగు చేత్తో పట్టుకుని కారు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను లేచి పానాలు తీశాను.

కుడి డ్రమ్ము ఊడింది గాని, షూలు తీస్తుంటే స్ప్రింగు ఎగిరిపోయింది. దాని కొక్కెం ఏ చిల్లులోదో చూసుకోలేదు. రెండు చిల్లులూ ఒకలాగే ఉన్నాయి. అప్పుడు ఆయన మాట గుర్తొచ్చి ఎడమ చక్రం విప్పాను.

లోపల ఆయన పని శుభ్రంగా ఉంది. పై స్ప్రింగు కొక్కెం లోపలి చిల్లులో, కింది స్ప్రింగుది బయటి చిల్లులో. షూ ఆనుకునే చోట రేకు మీద పూసిన రవ్వంత గ్రీజు. ఆ గ్రీజులో వేలిముద్ర. ముద్రకి అడ్డంగా, సన్నగా, తీగ గీత.

చాలాసేపు చూశాను. తరవాత కొత్త షూలు వేసి, అద్దంలో చూసుకున్నట్టు అటుదంతా ఇటు అమర్చాను. బ్రేకుని చక్రం తిరగనంతగా బిగించి, మళ్ళీ కొద్దికొద్దిగా వదులు చేస్తూ, చెవి పెట్టి తిప్పాను. షూ డ్రమ్ముకి రాసుకునే చప్పుడు సన్నబడి సన్నబడి ఆగింది. ఎడమ చక్రం తిప్పినా అంతే.

తమ్ముడుగారు కారుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి బ్రేకు నొక్కారు. నమ్మకం కుదరక ఇంకాస్త వేగంగా వచ్చి మళ్ళీ నొక్కారు. దిగి, “తిన్నగా ఆగతన్నాది వదినా,” అన్నారు.

అమ్మగారు ఎప్పటిలాగే ముందు సీటులో కూర్చున్నారు, ఒళ్ళో అస్థికల కుండతో. వెనక వయొలిన్ పెట్టె ఉండే చోట నేను కూర్చున్నాను. భోగాపురం దారిలో ఆవులు అడ్డొచ్చిన ప్రతిసారీ కారు చప్పుడు లేకుండా ఆగింది. ఎడమ డ్రమ్ము మూసేటప్పుడు ఆ వేలిముద్ర నేను తుడవలేదు. మా వెనక, డ్రమ్ము లోపలి చీకట్లో, అది అలాగే మాతో వస్తోంది.