నిద్రకు వచ్చిన సమ్మమ్మ

సమ్మమ్మది ధర్మసాగర్. నాట్లకూ కోతలకూ కూలికి పోయే మనిషి. ఆ ఏడు చలికాలంలో ఆమె కొడుకు జ్వరంతో పోయాడు. చావు జరిగిన ఇంటివాళ్లను చుట్టాలు ఒక రాత్రి తమ ఇంట నిద్రకు తీసుకుపోవడం ఆనవాయితీ. అలాగే తమ్ముడు సారంగపాణి ఆమెనూ, చిన్నబిడ్డ చిలుకమ్మనూ హనుమకొండలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. సాయంత్రం అందరినీ ఎగ్జిబిషన్‌కు బయల్దేరదీశాడు.

"నాకెందుకురా తమ్మీ" అంది సమ్మమ్మ.

"నీకోసం కాదక్కా, పోరి కోసం. వాళ్లన్న పోయిన కాన్నుంచి అది నోరు తెరుస్తలేదు."

జెయింట్ వీల్‌లో సమ్మమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తొట్టె పైదాకా పోయి ఒక్కసారిగా కిందికి జారేసరికి కడుపులో గిలిగింత పుట్టి పకపకా నవ్వేసింది. ఆ నవ్వు తన చెవినే పడగానే కొంగుతో నోరు మూసుకుంది. కొడుకును కప్పిన మట్టి ఇంకా ఆరలేదు.

"మామా, అమ్మ నవ్వింది" అని చిలుకమ్మ కిందికి కేకేసింది.

సారంగపాణి వీల్ తిప్పేవాడి భుజం తట్టాడు. "జర ఆపకు భాయ్, ఇంకొంచెం సేపు తిప్పు."

తొట్టె మళ్లీ పైకి లేచింది. అది కిందికి దిగే ప్రతిసారీ చిలుకమ్మ తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. సమ్మమ్మ కొంగును పళ్ల మధ్య బిగబట్టుకుని కూర్చుంది.